సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు: ఉంచుకుందామా, అమ్మేద్దామా?

వంపుల దారి

అందరికీ నమస్కారం. కొన్నేళ్ళ కిందట సెకండ్ హ్యాండ్‌లో ఒక రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొన్నాను. మాన్యువల్ గేర్లు, వెనక చక్రాల డ్రైవ్, టర్బో లేని ఇంజిన్. ఏ కంపెనీదో చెప్పను. చెబితే చర్చంతా ఆ కంపెనీ బాగోగుల మీదికి పోతుంది, నేను అడగదలుచుకున్నది పక్కకు పోతుంది.

ఈ ఏడాది బండి నన్ను బాగా విసిగించింది. ముందు క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఫ్లూయిడ్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసేది) కారింది. తొక్కిన పెడల్ కిందికి పోయి మళ్ళీ పైకి రాలేదు. అది మార్పించి ఊపిరి పీల్చుకునేలోపే కూలెంట్ ట్యాంకు పగిలింది. ఇప్పుడు ఒక ప్లాస్టిక్ గొట్టం కోసం వారాల తరబడి షెడ్డులోనే ఉంది. గుప్పిట్లో పట్టే గొట్టం అది. ఖర్చు కన్నా ఈ ఎదురుచూపే ఎక్కువ బాధిస్తోంది. "ఆ కారు మనకెందుకు" అని ఇంట్లో అడిగితే సూటిగా జవాబు చెప్పలేకపోతున్నాను.

అదే బండి తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద, ఇంజిన్ ఆయిల్ పూర్తిగా వేడెక్కాక, రెండో గేరులో మలుపు తీసుకుంటుంటే రోడ్డు ఎక్కడ నున్నగా ఉందో, ఎక్కడ గరుకుగా ఉందో స్టీరింగ్ పట్టుకున్న వేళ్ళకే తెలుస్తుంది. ఇప్పటి కార్లు చాలా నడిపి చూశాను, ఇది మాత్రం దొరకలేదు.

ఏళ్ళ తరబడి ఇలాంటి బండి ఉంచుకున్నవాళ్ళు చెప్పండి. మీకు దాని నుంచి దక్కేదేమిటి, మిమ్మల్ని ఏడిపించేదేమిటి? అమ్మితే ఎంత వస్తుందన్న లెక్క మాత్రం ఇక్కడ వద్దు.

నాలుగో గేరు

బండి షెడ్డులో ఉండగా అమ్మాలా వద్దా అన్నది తేల్చుకోకండి. బయటికొచ్చాక ఒకసారి మంచి రోడ్డు మీద నడిపి, అప్పుడు ఆలోచించండి. కోపంలో అమ్ముకున్నవాళ్ళను చాలామందిని చూశాను.

పాత స్పానర్

వంపుల దారి గారూ, మీ బండికి జరుగుతున్నది దురదృష్టం కాదు, వయసు. ఇది అర్థమైతే సగం టెన్షన్ పోతుంది.

కూలెంట్ ట్యాంకు, దాని మూత, రేడియేటర్ చివర్లలో ఉండే ప్లాస్టిక్ తొట్లు, థర్మోస్టాట్ హౌసింగ్, రబ్బరు గొట్టాలు, ఇవన్నీ ఒకే రోజు ఫ్యాక్టరీలో బిగించినవి. అన్నీ ఒకే వేడిని తిన్నాయి, అన్నిసార్లూ కలిసే వేడెక్కి చల్లారాయి. అందుకే పోయేటప్పుడు కూడా ఒకదాని వెనక ఒకటి పోతాయి. ట్యాంకు పగిలిందని ట్యాంకొక్కటే మారిస్తే ఆ కొత్త ట్యాంకు ప్రెషర్‌ను చక్కగా నిలబెడుతుంది, ఆ ప్రెషర్‌కి పక్కనున్న పాత గొట్టం చీలుతుంది. మీకు జరిగింది అదే అనుకుంటున్నాను. కూలింగ్ సిస్టమ్‌ను విడివిడి భాగాలుగా చూడకండి. ఆ గొట్టం వచ్చేలోపు మిగతావన్నీ కూడా తెప్పించి ఒకేసారి వేయించండి. వాటర్ పంపు కూడా.

రెండో మాట. స్పోర్ట్స్ కారు కొనేవాళ్ళు ఓడోమీటర్ చూసి మురిసిపోతారు. "ఇన్నేళ్ళ బండి, ఇంత తక్కువ తిరిగింది" అంటారు. తిరగని బండి బాగుందని ఎందుకనుకోవాలి? టైమింగ్ బెల్టుకు కిలోమీటర్ల గడువుతో పాటు ఏళ్ళ గడువు కూడా ఉంటుంది, ఏది ముందొస్తే అప్పుడు మార్చాలి. నిలబెట్టిన బండిలో ఆయిల్ సీళ్ళు ఎండుతాయి. బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఘాట్ రోడ్డు దిగుతూ వరసగా బ్రేకులు తొక్కితే ఆ తేడా ప్రాణం మీదికి తెస్తుంది. ఫ్లూయిడ్ మరిగి ఆవిరి బుడగలు పుట్టాయంటే పెడల్ మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. రెండేళ్ళకోసారి ఫ్లూయిడ్ మార్చడం పెద్ద ఖర్చేమీ కాదు.

టైర్లూ అంతే. గాడులు నిండుగా కనిపిస్తాయి కానీ రబ్బరు గట్టిపడి ఉంటుంది. టైరు పక్క గోడ మీద డాట్ (DOT) అన్న అక్షరాల తరవాత వచ్చే వరస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. ఆరేళ్ళు దాటిన టైర్లతో మలుపుల్లో జోరుగా నడపొద్దు. గాడులెంత ఉన్నా సరే, పదేళ్ళు దాటితే తీసి పారేయాల్సిందే.

రెండు సీట్లు

స్పానర్ గారు ఏడిపించే సంగతి చెప్పారు, నేను దక్కేదాని గురించి చెబుతాను.

నాది మొదటి తరం మాజ్దా ఎంఎక్స్-5. 1989లో వచ్చిన డిజైన్. 1.6 లీటర్ల ఇంజిన్, సుమారు 115 హార్స్‌పవర్. కాగితం మీద చూస్తే ఈ రోజుల్లో మామూలు ఫ్యామిలీ కారుకి కూడా అంతకన్నా ఎక్కువ ఉంటుంది. కానీ బండి బరువు టన్ను లోపే. నాకు తెలిసి ఈ విషయంలో జనానికి అర్థం కానిది ఇదే: స్పోర్ట్స్ కారు సుఖం స్పీడులో లేదు. శక్తి ఎక్కువున్న కారులో మూడో గేరు పూర్తిగా లాగకముందే స్పీడు లిమిట్ దాటేస్తాం. ఇందులో ఇంజిన్‌ను చివరిదాకా లాగి, గేరు మార్చి, మళ్ళీ చివరిదాకా లాగినా చట్టం లోపలే ఉంటాం. చేతికీ కాలికీ నిండా పని ఉంటుంది. గేరు లివర్ చాలా పొట్టిది, మణికట్టు తిప్పితే చాలు పడిపోతుంది. మలుపు ముందు బ్రేకు మీద మునివేళ్ళుంచి, మడమతో యాక్సిలరేటర్‌ని తట్టి గేరు దించడం కుదిరిన రోజున, నేను ఆఫీసు పని మొత్తం మర్చిపోతాను.

ఏడుపు కూడా ఉంది. ఈ బండికి శత్రువు తుప్పు. గుడ్డ టాపు మీద పడిన వాన నీళ్ళు సీట్ల వెనకున్న రెండు రంధ్రాల్లోంచి కిందికి పోవాలి. వాటిలో ఆకులూ మట్టీ చేరి మూసుకుపోతే నీళ్ళు తలుపుల కింద ఉండే సిల్ లోపలికి చేరి అక్కడే నిలుస్తాయి. బయట పెయింట్ మీద చిన్న బుడగ కనిపించేసరికి లోపల రేకు తినేసి ఉంటుంది. గడ్డి కోసే ట్రిమ్మర్‌లోని పాత నైలాన్ తీగ ముక్క ఒకటి తీసుకుని, మెల్లిగా తిప్పుతూ ఆ రంధ్రంలోకి దించండి. తరవాత సీసాతో నీళ్ళు పోసి, వెనక చక్రాల ముందు కిందికి ధారగా పడుతున్నాయా లేదా చూడండి. చుక్కలు చుక్కలుగా పడితే ఇంకా మూసుకునే ఉందని అర్థం. ఓపెన్ టాప్ బండి ఏదైనా సరే ఈ పని వానాకాలానికి ముందే చేయాలి.

ఈ కారు 2016లో పది లక్షల బండ్ల మైలురాయి దాటింది. అన్ని బండ్లు అమ్మబట్టే స్పేర్ పార్ట్స్ దొరుకుతున్నాయి. 2017లో కంపెనీ జపాన్‌లో పాత బండ్లను పునరుద్ధరించే పథకం కూడా ప్రకటించి కొన్ని పాత పార్టులను మళ్ళీ తయారు చేసింది. సెకండ్ హ్యాండ్‌లో కొనేముందు ఆ మోడల్ ఎన్ని అమ్ముడుపోయిందో కనుక్కోవడం ఇందుకే. తక్కువ తయారైన బండి అందంగా ఉంటుంది, హెడ్‌లైట్ పగిలితే మాత్రం నెలలు ఆగాలి.

వెనకింజిన్

స్పానర్ గారితో ఒక్క చోట విభేదిస్తాను. రబ్బరూ ప్లాస్టికూ మార్చేస్తే చాలు, కొన్నేళ్ళు నిశ్చింత అన్న నమ్మకం అన్ని బండ్లకూ కుదరదు. కొన్ని ఇంజిన్లలో డిజైన్‌లోనే ఒక బలహీనత ఉంటుంది, అది వయసుతోనో నిర్లక్ష్యంతోనో వచ్చేది కాదు. దాన్ని తెలుసుకోకుండా కొంటే మిగతా జాగ్రత్తలన్నీ వృథా.

అందరికీ తెలిసిన ఉదాహరణ చెబుతాను. 1996లో వచ్చిన పోర్షే బాక్స్‌టర్, 1997లో వచ్చిన 996 తరం 911. నీళ్ళతో చల్లబడే ఇంజిన్ 911కి రావడం అదే మొదలు. వాటిలో వాల్వులను నడిపే చెయిన్లను తిప్పే ఇంటర్మీడియట్ షాఫ్ట్ చివర ఒక బేరింగ్ ఉంటుంది. అది అరిగి విరిగితే టైమింగ్ తప్పి వాల్వులు పిస్టన్లకు తగులుతాయి, ఇంజిన్ మొత్తం పోతుంది. దీని మీద అమెరికాలో కోర్టు కేసు దాకా వెళ్ళింది. అదే తరంలో టర్బో, జీటీ3 మోడళ్ళకు వేరే ఇంజిన్, వాటికి ఈ సమస్య లేదు. 2009 మోడల్ నుంచి వచ్చిన కొత్త ఇంజిన్‌లో ఆ షాఫ్టే తీసేశారు. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3 తీసుకోండి. ఎనిమిది వేల ఆర్పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దాకా పాడే ఆరు సిలిండర్ల ఇంజిన్, వినసొంపైన వాటిలో ఒకటి. దానికి కనెక్టింగ్ రాడ్ బేరింగులు, వెనక సస్పెన్షన్‌ను మోసే సబ్‌ఫ్రేమ్ బిగించే చోట నేల రేకు పగుళ్ళు చూడాలి.

ఇవి చదివి భయపడి పారిపోనక్కర్లేదు. బలహీనత ఏదో తెలిస్తే దానికో సమయం ఉంటుంది. క్లచ్ మార్చడానికి ఎలాగూ గేర్‌బాక్స్ దించుతారు. పైన చెప్పిన బేరింగ్ ఆ పక్కనే ఉంటుంది, కాబట్టి ఆ రెండూ ఒకేసారి చేయిస్తే లేబర్ ఒక్కసారే పడుతుంది. 2006 నుంచి 2008 దాకా వచ్చిన ఇంజిన్లలో బేరింగ్ పెద్దది, బలమైనది, కానీ ఇంజిన్ విప్పకుండా బయటికి రాదు.

ఇలాంటి బండ్లలో ఖర్చు పార్టుది కాదు, అక్కడిదాకా చేయి పోవడానికయ్యే లేబర్‌ది. ఫెరారీ ఎఫ్355కి టైమింగ్ బెల్టులు మార్చాలంటే ఇంజిన్ కిందికి దించాలి. దాని తరవాత 1999లో వచ్చిన 360కి సీట్ల వెనకున్న మూత తీస్తే చాలు, ఇంజిన్ అక్కడే ఉంచి బెల్టులు మార్చొచ్చు. రెండూ అదే కంపెనీవి, వరసగా వచ్చినవే, సర్వీస్ ఖర్చు మాత్రం వేరు. బండి కొనేవాడు హార్స్‌పవర్ కన్నా ముందు చదవాల్సింది ఇదీ.

కొత్తగా చేరాను

అన్నలందరికీ నమస్కారం. చాలా రోజుల నుంచి చదువుతున్నాను, మొదటిసారి రాస్తున్నాను. నేను చూస్తున్న మోడల్‌లో రెండు బండ్లు దొరుకుతున్నాయి. ఒకటి నా బడ్జెట్‌కి సరిగ్గా సరిపోతుంది, సర్వీస్ కాగితాలు లేవు. ఇంకోటి కాగితాలన్నీ ఉన్నాయి, రంగు నచ్చలేదు, ధర ఎక్కువ. మొదటిది తీసుకుని మెల్లిగా బాగు చేసుకుంటే కుదరదా?

పాత స్పానర్

తమ్ముడూ, రెండోది తీసుకో. ఇప్పుడు డబ్బు చాలకపోతే ఇంకొన్నాళ్ళు ఆగు. చేతిలో ఉన్నదంతా కొనడానికే పెట్టేస్తే మొదటి సర్వీసుకే అప్పు చేయాలి. కొన్న ధరలో కనీసం అయిదో వంతు పక్కన పెట్టుకోమని నేను అందరికీ చెబుతాను. ఇది నా అనుభవంతో చెప్పే అంచనా, రూలు కాదు.

ఏ బండైనా చూడ్డానికి వెళ్ళేముందు ఓనర్‌కి ఫోన్ చేసి, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని చెప్పు. వెళ్ళగానే బానెట్ ఎత్తి ఇంజిన్ మీద చేయి పెట్టు. వెచ్చగా ఉంటే ముందే తిప్పి ఉంచారన్నమాట, చల్లటి ఇంజిన్ చేసే చప్పుడు మనకు వినపడకుండా చేశారు. స్టార్ట్ చేసిన మొదటి కొన్ని క్షణాల్లో చెయిన్ గలగల, సైలెన్సర్ నుంచి నీలి పొగ, ఇవి చూడాలి. నీలి పొగంటే ఆయిల్ కాలుతోంది. తెల్ల పొగ ఇంజిన్ వేడెక్కాక కూడా తగ్గకుండా, తియ్యటి వాసనతో వస్తుంటే కూలెంట్ లోపలికి పోతోంది.

తరవాత స్కానర్ పెట్టించు. ఎర్రర్ కోడ్ ఏదీ లేదని సంతోషపడి ఆగిపోకు. దాని పక్కనే రెడీనెస్ మానిటర్లు అని ఉంటాయి, బండి తనను తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో చూపించేవి. కోడ్‌లు చెరిపేసినా, బ్యాటరీ తీసి పెట్టినా అవి "పూర్తి కాలేదు" అని చూపిస్తాయి, మళ్ళీ కొంత దూరం రకరకాలుగా తిప్పితేగానీ పూర్తి కావు. నువ్వు వస్తున్నావని ఉదయమే చెరిపేసి ఉంటే అక్కడ బయటపడుతుంది. చాలామంది చూడని చోటు ఇదే.

కంప్రెషన్ టెస్టు (సిలిండర్‌లో ఎంత ఒత్తిడి పుడుతోందో కొలవడం)తో పాటు లీక్‌డౌన్ టెస్టు చేయించు. సిలిండర్‌లోకి గాలి పట్టించి ఎంత శాతం కారిపోతోందో, ఎక్కడి నుంచి కారుతోందో వినడం. సైలెన్సర్ దగ్గర ఉస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ మూత దగ్గరైతే పిస్టన్ రింగులు, రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. ఇరవై శాతం దాటితే ఆ బండి వదిలేయ్.

రంగు నచ్చకపోవడం కొన్నాళ్ళకు మర్చిపోతావు.

రోటరీ పిచ్చి

కంప్రెషన్ టెస్టు మాట వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. మాజ్దా ఆర్ఎక్స్-8, ఆర్ఎక్స్-7 లాంటి రోటరీ ఇంజిన్ (పిస్టన్లకు బదులు త్రికోణపు రోటర్లు తిరిగేది) బండి చూస్తుంటే మామూలు గేజ్‌తో తీసిన కంప్రెషన్ అంకె నమ్మకండి. ఒక్కో రోటర్‌కి మూడు ముఖాలుంటాయి. మామూలు గేజ్ వాటిలో ఎక్కువున్న అంకె పట్టుకుని చూపిస్తుంది, రోటర్ మూలలో ఉండే అపెక్స్ సీల్ ఒకటి పోయినా దాచేస్తుంది. రోటరీ కోసం చేసిన టెస్టర్‌తో ఒక్కో రోటర్‌కి మూడు అంకెలు విడివిడిగా రావాలి.

నాది ఆర్ఎక్స్-8. ఈ ఇంజిన్ ఆయిల్ తాగుతుందని అందరూ తిడతారు. అది రోగం కాదు, డిజైనే అంత. సీళ్ళు తడిగా ఉండాలని చిన్న పంపు ఒకటి ఇంజిన్ ఆయిల్‌ను కొంచెం కొంచెంగా లోపలికి చిమ్ముతుంది, అది పెట్రోలుతో పాటు కాలుతుంది. పెట్రోలు పోయించినప్పుడల్లా డిప్‌స్టిక్ తీసి చూడ్డం ఈ బండి ఓనర్‌కి రావలసిన మొదటి అలవాటు. రెండోది, చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, బండి నాలుగడుగులు జరిపి ఆపేయకూడదు. లోపల పెట్రోలు నిండి మళ్ళీ స్టార్ట్ కాదు. బండి కడగడానికి బయటికి తీస్తే ఇంజిన్ వేడెక్కేదాకా నడపాల్సిందే. మూడోది, ఇగ్నిషన్ కాయిల్స్. అవి బలహీనపడితే కాలని పెట్రోలు సైలెన్సర్‌లోకి పోయి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కరిగించేస్తుంది.

ఇంత సేవ ఎందుకు చేస్తున్నానంటే, రెండు రోటర్లు కలిపి 1.3 లీటర్లు. పైకీ కిందికీ కొట్టుకునే పిస్టన్ ఒక్కటి కూడా లేదు. తొమ్మిది వేల దాకా ముల్లు పోతుంటే వణుకన్నది ఉండదు, ఇక చాలు, గేరు మార్చమని బజర్ మోగించి గుర్తు చేయాల్సి వస్తుంది. ఇంత తేలికగా తిరిగే ఇంజిన్ నేను మరోటి చూడలేదు. 2012లో ఆ మోడల్ ఆపేశారు. ఉన్నవాటిని కాపాడుకోవాలన్న పట్టుదల నాది.

అమ్మేసినవాడు

అందరూ ఉంచుకోమంటున్నారు కాబట్టి అవతలి మాట నేను చెబుతాను. నేను అమ్మేశాను, దిగులు లేదు.

డబ్బు వల్ల కాదు, టైమ్ వల్ల. ఈ బండ్లు డబ్బు కన్నా టైమ్ ఎక్కువ తింటాయి. సరైన పార్ట్ నంబర్ వెతకడం, అసలు పార్టా నకిలీయా తేల్చుకోవడం, ఆ మోడల్ తెలిసిన మెకానిక్‌ని పట్టుకోవడం, అతని దగ్గర మన వంతు వచ్చేదాకా ఆగడం. పిల్లలు పుట్టాక నాకు ఆదివారాలు మిగల్లేదు. బండి కవరు కింద నిలబడి బ్యాటరీ దిగిపోతుంటే, దాన్ని చూసినప్పుడల్లా ఒక పని బాకీ ఉన్నట్టుండేది. ఇష్టపడి కొన్న వస్తువు అలా అనిపించడం మొదలైతే దాన్ని నడిపేవాడి చేతిలో పెట్టడమే న్యాయమనిపించింది. కొన్నవాడు ఇప్పటికీ ఫోటోలు పంపుతుంటాడు. వారం వారం తిప్పుతున్నాడు.

వంపుల దారి గారూ, మీకు ఆదివారాలున్నాయా? అమ్మాలో వద్దో దాన్ని బట్టి తేలుతుంది.

నీలం కూపే

అమ్మేసినవాడు గారి మాట నిజం. నాకు మాత్రం ఆ ఆదివారం పనే సుఖం.

బండి కొన్న కొత్తలో గేరు లివర్ వదులుగా ఊగుతుండేది. రెండో గేరు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఒక షెడ్డులో గేర్‌బాక్స్ ఓవర్‌హాల్ చేయాలన్నారు. నేను పుస్తకం ముందు పెట్టుకుని కన్సోల్ విప్పాను. లివర్ అడుగున రెండు ప్లాస్టిక్ బుష్‌లు, ఒకటి పూర్తిగా పొడైపోయింది, రెండోది చిట్లింది. పాత గ్రీజు నల్లగా గట్టిపడి ఉంది. అంతా తుడిచి, కొత్త బుష్‌లు నొక్కి, కొత్త గ్రీజు పూసి, గేర్ ఆయిల్ మార్చాను. లివర్ మళ్ళీ పెట్టి ఇంజిన్ ఆపి ఉండగానే ఒక్కో గేరూ వేసి చూశాను. టక్కుమని పడింది. ఆ రోజు నడపకుండానే చాలాసేపు కారులో కూర్చుని గేర్లు మారుస్తూ ఉండిపోయాను. నా బండి లోపల ఏముందో నాకు తెలుసు అన్న ధైర్యం అప్పటి నుంచి మొదలైంది.

నన్ను ఏడిపించేవి రోడ్డు మీద. బండి ఎత్తు తక్కువ, పక్కన పెద్ద వాహనం వస్తే అతనికి నేను కనపడను. అందుకే ఎవరి పక్కనా ఎక్కువసేపు ఉండను, దాటేస్తాను లేదా వెనకబడతాను. సిగ్నల్ దగ్గర పక్కనాగి ఇంజిన్ రేజ్ చేసేవాళ్ళు ఇంకో బాధ. రేసుకి రమ్మంటారు. ఆడమనిషి నడుపుతోందని చూస్తే ఇంకా రెచ్చిపోతారు. నేను కదలను, వాళ్ళను పోనిస్తాను. ఇంకోటి, షెడ్డులో ఇచ్చినప్పుడు "ఓనర్ ఎవరు" అని నా వెనక ఎవరొచ్చారో వెతకడం. ఆయిల్ డ్రెయిన్ ప్లగ్ ఎంత టార్క్‌తో (బిగింపు బలంతో) బిగిస్తారని అడిగితే అప్పుడు నా వైపు చూస్తారు. అడగాల్సిందే కూడా. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే అల్యూమినియం సంపులో ప్లగ్ బలంగా బిగించి మరలు పాడుచేసిన షెడ్డు ఒకటుంది, ఆ మరమ్మతు నేనే పెట్టుకోవాల్సి వచ్చింది.

తొమ్మిది వేల ఆర్పీఎం

వంపుల దారి గారు రీసేల్ లెక్క వద్దన్నారు. క్షమించాలి, నా బాధే అది.

నాది హోండా ఎస్2000. 1999లో వచ్చింది, 2009లో ఆపేశారు. రెండు లీటర్ల ఇంజిన్, టర్బో లేకుండా 240 హార్స్‌పవర్ పైన. ఆరు వేల దగ్గర వాల్వులను తెరిచే క్యామ్ మారుతుంది, అక్కడి నుంచి తొమ్మిది వేల దాకా చప్పుడే వేరు. కొన్నప్పుడు ఇది పాత కారు. ఇప్పుడు దీని ధర పెరుగుతూ పోతోంది. సంతోషించాలి కదా? కానీ ఎక్కడైనా ఆపితే తిరిగొచ్చేదాకా మనసు బండి మీదే. వాన పడితే తీయను. రాయి ఎగిరి బంపర్‌కి తగిలితే ఆ రోజంతా పాడవుతుంది. నడపడానికి కొన్న బండికి నేను కాపలా కాస్తున్నాను.

రెండు సీట్లు

అన్నా, నడపండి. నిలబెడితే పాడయ్యేది ఎంతో స్పానర్ గారు పైన రాశారు. ఎస్2000 రాయి దెబ్బలకు అందం తగ్గే బండి కాదు.

ఒక్క జాగ్రత్త మాత్రం. మీది మొదటి బ్యాచ్‌లదైతే తడి రోడ్డు మీద మంచి టైర్లుండాలి. 2004లో వెనక సస్పెన్షన్ మార్చి మెత్తబరిచారు, అంతకుముందు బండ్లు మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం జారే స్వభావం ఉన్నవి. ఆ కాలం బండ్లు చాలావాటికి జారుతున్న బండిని తనంతట తానే అదుపు చేసే స్టెబిలిటీ కంట్రోల్ లేదు. ఇంజిన్ మధ్యలో ఉన్న టొయోటా ఎమ్మార్2 రెండో తరానికి కూడా ఆ పేరుంది. మొదటి ఆడీ టీటీ విషయంలో ప్రమాదాలు జరిగాకే కంపెనీ బండ్లను వెనక్కి పిలిచి వెనక స్పాయిలర్, ఈఎస్‌పీ (అదే స్టెబిలిటీ కంట్రోల్) పెట్టింది. ట్రాక్ డే (రేసు ట్రాక్ మీద సొంత బండి నడపనిచ్చే రోజు) ఒకటి చూసుకుని, నేర్పేవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, బండి ఎక్కడ జారుతుందో ఖాళీ చోట తెలుసుకోండి. రోడ్డు మీద తెలుసుకోవాల్సిన విషయం కాదిది.

వంపుల దారి

అందరికీ పేరుపేరునా థాంక్స్. గొట్టం వచ్చింది. స్పానర్ గారు చెప్పినట్టే గొట్టాలన్నీ, థర్మోస్టాట్, వాటర్ పంపు, ట్యాంకు మూత కూడా వేయించాను. పాత గొట్టాన్ని వంచి చూస్తే లోపలి వైపంతా నెరియలే. బయటి నుంచి ఏమీ తెలియలేదు.

ఈ ఏడాది బిల్లులన్నీ తీసి ముందేసుకున్నాను. టైర్లు, బ్రేక్ డిస్కులు, ఆయిళ్ళు, ఇన్సూరెన్సు ఏ కారుకైనా వచ్చేవే. అవి తీసేస్తే నిజంగా "పాత స్పోర్ట్స్ కారు" అని పడిన ఖర్చు నేననుకున్న దాంట్లో సగం కూడా లేదు. కోపంలో అంతా ఒకే మూట కట్టి దీని నెత్తిన పెట్టాను.

అమ్మేసినవాడు గారూ, ఆదివారాలు ఉన్నాయండీ. ఇంట్లో అడిగిన ప్రశ్నకు నేను మాటలతో ఏమీ చెప్పలేదు. పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను. తిరిగొచ్చాక మా ఆవిడ అడిగింది ఒక్కటే, మళ్ళీ ఎప్పుడు వెళ్దాం అని. బండి ఉంటుంది.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఎత్తు రోడ్డు మీద నాలుగో గేరులో పూర్తిగా తొక్కితే ఆర్పీఎం లేస్తోంది, స్పీడు దానికి తగ్గట్టు రావట్లేదు. క్లచ్ ప్లేటేనా? ఫ్లైవీల్ కూడా చూడాలా? నాది డ్యూయల్ మాస్ ఫ్లైవీల్, మధ్యలో స్ప్రింగులుండే రెండు ముక్కల రకం.

పాత స్పానర్

క్లచ్ జారుతోంది, అనుమానం లేదు. అయితే పోయినసారి స్లేవ్ సిలిండర్ కారిందన్నారు కదా, అది బెల్ హౌసింగ్ (క్లచ్‌ను కప్పే తొడుగు) లోపలుండే రకమైతే ఆ ఫ్లూయిడ్ ప్లేటు మీద పడి ఉండొచ్చు. బయటుండే రకమైతే ప్లేటు అరిగిపోయినట్టే. గేర్‌బాక్స్ దించాక ఫ్లైవీల్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి చూడమనండి. లోపలి స్ప్రింగుల వల్ల కొంత ఆడుతుంది, ఎంతదాకా ఆడొచ్చో వర్క్‌షాప్ మాన్యువల్‌లో ఉంటుంది. అంతకన్నా ఎక్కువుంటే, గ్రీజు బయటికి చిమ్మి ఉంటే, నీలి మచ్చలుంటే మార్చేయండి. ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్‌తో పాటు క్రాంక్ వెనక సీల్ ముందే తెప్పించి పెట్టుకోండి, పైలట్ బేరింగ్ ఉంటే అది కూడా. గేర్‌బాక్స్ కింద పడుకుని ఉన్నాక ఆ సీల్ కోసం మళ్ళీ వారాలు ఆగొద్దు.

వంపుల దారి

లోపలుండే రకమేనండీ. సీల్ నంబర్ ఇవాళే వెతుకుతాను.

వెనకింజిన్

ఫ్లైవీల్ బోల్టులు కూడా కొత్తవి తెప్పించండి. చాలా ఇంజిన్లకు అవి ఒకసారి బిగించి విప్పితే మళ్ళీ వాడకూడనివి. మాన్యువల్‌లో టార్క్ అంకె పక్కన డిగ్రీల్లో కోణం కూడా రాసి ఉంటే మీవి అలాంటివే.